క్యాన్సర్ శస్త్రచికిత్స తరువాత నిద్ర, మానసిక ఆసరా

క్యాన్సర్ గడ్డను కోసి తీసేశాక రోగి తేరుకునే వారాల్లో, నెలల్లో నిద్ర చెదిరిపోవడం, దిగులు, జబ్బు తిరగబెడుతుందన్న భయం తరచుగా ఒకదాన్నొకటి వెంటబెట్టుకుని వస్తాయి. వీటిని కనిపెట్టి తగ్గించే పని సైకో-ఆంకాలజీ అనే వైద్యశాఖది. అయితే సర్జన్లు, మత్తు డాక్టర్లు, నర్సులు, మనస్తత్వ నిపుణులు, ఇంటివాళ్లు అందరికీ ఇందులో వాటా ఉంది.

పొద్దున రౌండ్స్‌కు వచ్చిన డాక్టరు కుట్లు చూస్తారు. డ్రెయిన్‌లో ఎంత నీరు దిగిందో రాయిస్తారు. జ్వరం, బీపీ, మూత్రం లెక్క అడుగుతారు. రాత్రి ఎలా గడిచిందో రాయడానికి చాలాచోట్ల కేస్ షీట్‌లో గడి ఉండదు. రోగి కూడా చెప్పడు. అంత పెద్ద గండం గడిచాక నిద్ర పట్టడం లేదనడం గొంతెమ్మ కోరికలా అనిపిస్తుంది. కెనడాలోని లావాల్ విశ్వవిద్యాలయానికి చెందిన జోసే సవార్ బృందం శస్త్రచికిత్సకు సిద్ధమైన 962 మంది క్యాన్సర్ రోగులను ఏడాదిన్నర పాటు గమనించి 2011లో ఫలితాలు ప్రకటించింది. ఆపరేషన్ రోజుల్లో 59 శాతం మందికి నిద్రలేమి లక్షణాలు ఉన్నాయి. మొత్తం రోగుల్లో 28 శాతం మందికి అది జబ్బుగా నిర్ధారించదగ్గంత తీవ్రంగా ఉంది. 18 నెలలు గడిచాక కూడా 36 శాతం మందికి ఆ లక్షణాలు పోలేదు. కుట్లు మానడానికి వారాలు సరిపోయాయి గానీ, నిద్రకు తగిలిన దెబ్బకు ఏడాదిన్నర చాలలేదు.

ఆపరేషన్ రాత్రులు

ఆరోగ్యంగా ఉన్న మనిషి నిద్ర సుమారు గంటన్నర చక్రాలుగా నడుస్తుంది. తేలిక నిద్ర, గాఢనిద్ర, కలలు వచ్చే దశ ఒకదాని తరువాత ఒకటి తిరుగుతుంటాయి. పెద్ద ఆపరేషన్ జరిగిన మొదటి ఒకటి రెండు రాత్రులు గాఢనిద్ర, కలల దశ దాదాపు మాయమవుతాయి. రోగి కళ్లు మూసుకునే ఉంటాడు, మగతగానే కనిపిస్తాడు. అది మందుల మగత, నిద్ర కాదు. రెండో రాత్రి నుంచి నాలుగో రాత్రి లోపల, పోయిన కలల దశ బాకీ వసూలుకు వచ్చినట్టు ఒక్కసారిగా ఎక్కువై తిరిగొస్తుంది. అప్పుడు పీడకలలు వస్తాయి, ఉలిక్కిపడి లేస్తారు, ఊపిరి లయ తప్పి రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది. డెన్మార్క్‌లో కెలెట్, రోజెన్‌బర్గ్ వంటి సర్జన్లు ఈ రాత్రులను శ్రద్ధగా పరిశీలించారు. గురక జబ్బు ఉన్నవాళ్ల విషయంలో మరింత జాగ్రత్త ఎందుకు అవసరమో వాళ్ల పనివల్ల తేలింది.

కారణం ఒకటే కాదు. కోత ఎంత పెద్దదైతే శరీరం అంత ఉలికిపడుతుంది. కార్టిసాల్, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి పదార్థాలు రక్తంలో పెరుగుతాయి, రాత్రి అయిందని శరీరానికి చెప్పే మెలటోనిన్ తగ్గుతుంది. నొప్పికి ఇచ్చే మార్ఫిన్ జాతి మందులు గాఢనిద్రనూ, కలల దశనూ కోసేస్తాయి. అలాగని నొప్పి మందు మానేస్తే ఆ నొప్పే నిద్రను మింగేస్తుంది. మన వార్డుల్లో ‘అలవాటవుతుందేమో’ అన్న భయంతో నొప్పి మాత్ర దిండు కింద దాచుకుని, పళ్లు బిగబట్టి తెల్లవార్లూ కూర్చునే రోగులు ఉంటారు. డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు వాడితే ఆ భయానికి తావు చాలా తక్కువ. నిద్ర కరువైన మనిషికి నొప్పిని ఓర్చుకునే శక్తి తగ్గుతుంది. నొప్పి నిద్రను చెడగొడితే, చెడిన నిద్ర మర్నాటి నొప్పిని పెంచుతుంది. వాంతులు రాకుండా ఇచ్చే డెక్సామెథసోన్ కూడా నిద్రను తరిమేస్తుంది. తరువాత కీమోథెరపీలో దాన్ని మాత్రలుగా రాసినప్పుడు పొద్దుటి పూటే వేసుకోవచ్చా అని డాక్టర్ని అడగడం మంచిది.

ఇక వార్డు సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో రాత్రిపూట ఆసుపత్రి గదుల్లో శబ్దం సగటున 30 డెసిబెల్స్ దాటకూడదని సూచించింది. అది గుసగుస స్థాయి. మానిటర్ కూతలు, స్ట్రెచర్ చక్రాలు, పక్క మంచం వాళ్ల ఫోన్, ఆరని ట్యూబ్‌లైట్ మధ్య ఆ స్థాయి ఎక్కడిది? ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లోనే నర్సింగ్ మీద రాసిన చిన్న పుస్తకంలో అనవసరపు శబ్దానికి ఒక అధ్యాయమే కేటాయించింది. తొలి నిద్రలో రోగిని లేపితే ఆ రాత్రి మళ్లీ నిద్ర దక్కదని ఆమె గమనించింది. నిలకడగా ఉన్న రోగికి రాత్రి రెండింటికి బీపీ చూడటం మానేయడం, ఇంజెక్షన్ల వేళలు దగ్గర చేయడం, దీపాలు తగ్గించడం, చెవుల్లో దూదిలాంటివి, కళ్లకు గంతలు ఇవ్వడం వంటివన్నీ దమ్మిడీ ఖర్చు లేనివి, లేదా చాలా తక్కువ ఖర్చుతో అయ్యేవి. ఇవి జరగకపోవడానికి డబ్బు లేకపోవడం సాకు కాదని నా నమ్మకం.

డెబ్బై దాటినవాళ్లలో నిద్ర చెదిరితే మరో ప్రమాదం పొంచి ఉంటుంది. సాయంత్రానికి అయోమయం, ఉన్నచోటు తెలియకపోవడం, లేనివాళ్లతో మాట్లాడటం, సెలైన్ సూది పీకేయడం మొదలవుతాయి. దీన్ని డెలీరియం అంటారు. పిచ్చి పట్టిందనో, గాలి సోకిందనో ఇంటివాళ్లు హడలిపోతారు. ఇది మెదడు తాత్కాలికంగా తడబడటం. కారణం వెతికి వైద్యం చేస్తే చాలామందిలో తగ్గుతుంది. యేల్ విశ్వవిద్యాలయంలో షారన్ ఇనూయే బృందం 852 మంది వృద్ధ రోగులతో 1999లో ప్రకటించిన అధ్యయనంలో డెలీరియం 15 శాతం నుంచి 9.9 శాతానికి తగ్గింది. వాళ్లు శస్త్రచికిత్స రోగులు కారు గానీ, ఆ పద్ధతిని తరువాత సర్జరీ వార్డులూ తీసుకున్నాయి. అందులో నిద్ర కోసం చేసినవి వింటే మన అమ్మమ్మలు గుర్తొస్తారు. పడుకునే ముందు గోరువెచ్చని పాలు, నెమ్మదైన సంగీతం, వీపు నిమరడం.

అవయవాన్ని బట్టి రాత్రి

‘క్యాన్సర్ రోగి నిద్ర’ అని గంపగుత్తగా మాట్లాడితే అసలు విషయం జారిపోతుంది. ఏ భాగం తీశారన్నదాన్ని బట్టి రాత్రి మారుతుంది.

రొమ్ము తీసేసిన స్త్రీ ఆ పక్కకు తిరిగి పడుకోలేదు. డ్రెయిన్ గొట్టం లాగుతుందేమోనని వెల్లకిలా కదలకుండా ఉంటుంది. జీవితమంతా పక్కకు ఒత్తిగిలి పడుకున్న మనిషికి అదే ఒక శిక్ష. చంక కింద తిమ్మిరి, లేని రొమ్ములో సలుపు నెలల తరబడి ఉండవచ్చు. చెయ్యి కింద పెట్టుకునే చిన్న మెత్తటి దిండు ఇక్కడ ఎంతో ఊరట. పెద్దపేగు ఆపరేషన్‌లో పొట్ట మీద మలద్వారం పెట్టినవారికి, రాత్రి సంచి ఊడి పక్క పాడవుతుందన్న భయం నిద్రను కాపలాగా మార్చేస్తుంది. పడుకునే ముందు సంచి ఖాళీ చేయడం, రాత్రి భోజనం కాస్త ముందుకు జరపడం నేర్పే నర్సు ఉంటే నిద్రమాత్ర అవసరం సగం తీరుతుంది. అన్నవాహిక తీసినవారు తల వైపు ఎత్తు పెట్టుకునే పడుకోవాలి. లేకపోతే పొట్టలోని పులుపు గొంతులోకి ఎగదన్నుతుంది. ప్రోస్టేట్ ఆపరేషన్ అయినవారు మూత్రం కోసం, మూత్రం జారుతుందన్న సిగ్గుతో పదేపదే లేస్తారు. అండాశయాలు తీసేసిన యువతికి ముట్లుడగడం రాత్రికి రాత్రే వచ్చి పడుతుంది. ఒళ్లంతా ఆవిర్లు, చెమటలు, తడిసిన దుప్పటి. థైరాయిడ్ తీసినవారికి ఇచ్చే మాత్ర మోతాదు ఎక్కువైతే గుండె దడతో నిద్ర రాదు. దానికి రక్తపరీక్ష చేసి మోతాదు సరిచేయాలి, సలహాలు కాదు.

నోటి క్యాన్సర్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. మన దేశంలో పొగాకు, గుట్కా, ఖైనీ వల్ల ఇది ఎక్కువ. శ్రీకాకుళం, విశాఖ తీరగ్రామాల్లో చుట్టను నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు స్త్రీలలో ఉండేది. అంగిలి క్యాన్సర్‌కూ దానికీ ఉన్న సంబంధాన్ని 1950లలోనే ఆంధ్ర తీరంలోని వైద్యులు రాశారు. దవడ, నాలుక, మెడ గ్రంథులు కలిపి తీసే ఆపరేషన్‌ను వార్డుల్లో ఇప్పటికీ ‘కమాండో’ అనే అంటారు. ఆ తరువాత కొన్నాళ్లు మెడలో గొట్టం, ముక్కులో గొట్టం ఉంటాయి, మాట రాదు. రాత్రి గొట్టంలో కఫం అడ్డుపడితే పిలవడానికి గొంతు లేదు. అలాంటి మనిషి కళ్లు మూసుకోవడానికి భయపడతాడంటే ఆ భయాన్ని జబ్బు అనలేం, తెలివి అనాలి. చేతికందే చోట ఒక గంట, ఒక పలక, బలపం, మోగిస్తే వస్తామన్న మాట, ఆ మాట నిలబెట్టుకునే మనిషి కావాలి. ఇవన్నీ ఉన్న చోట మెలకువ తగ్గుతుంది. పగలు అద్దం చూసుకోవడం మరో గండం. మొదటిసారి అద్దం ఇచ్చేటప్పుడు పక్కన ఎవరో ఉండాలి.

ధైర్యం అనే బరువు

గడ్డ తీసేశాం అని డాక్టరు చెప్పిన రోజు ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. రోగికి మాత్రం అక్కడే ఇంకో నిరీక్షణ మొదలవుతుంది. తీసిన ముక్క ల్యాబ్‌కు వెళ్లింది. అంచుల్లో క్యాన్సర్ కణాలు ఉన్నాయా, గ్రంథులకు పాకిందా, కీమో కావాలా, కరెంటు (రేడియేషన్) పెట్టాలా అన్నది ఆ బయాప్సీ రిపోర్టు తేలుస్తుంది. అది వచ్చే దాకా గడిచే రాత్రులు, ఆ తరువాత ప్రతి స్కాన్‌కు ముందు గడిచే రాత్రులు ఒకేలా ఉంటాయి. ఈ భయం నూటికి నూరుపాళ్లు పోదు. దాన్ని రోజులో ఒక వేళకు కట్టడి చేయడం నేర్పే చికిత్సలు ఉన్నాయి.

మన ఇళ్లలో దీనికి మరో ముడి పడుతుంది. ‘ఆయనకు చెప్పకండి డాక్టరు గారూ, తట్టుకోలేరు’ అని కొడుకు బతిమాలతాడు. తనకు తెలిసిపోయిందని భార్యాపిల్లల దగ్గర తండ్రి దాస్తాడు. రాచపుండు అన్న మాట నోటితో అనకూడదనుకున్న కాలం నుంచి వచ్చిన అలవాటిది. ప్రేమతోనే చేస్తారు. ఫలితం మాత్రం, ఒకే గదిలో ఇద్దరు ఒకే భయంతో, ఒకరికొకరు వినపడకుండా మేలుకుని ఉండటం. రోగి ఎంత తెలుసుకోవాలనుకుంటున్నాడో ముందు అడిగి, అంతే చెప్పే పద్ధతి వైద్యులకు ఉంది. ఆ ప్రశ్న ఇంటివాళ్లను కాక రోగినే అడగాలి.

పరామర్శకు వచ్చేవాళ్లు ఇంకో రకం. మంచం చుట్టూ చేరి ‘ధైర్యంగా ఉండు, ధైర్యమే సగం మందు’ అంటారు. వెనువెంటనే ‘మా తోటికోడలికీ ఇదే, పాపం’ అని మొదలుపెడతారు. ధైర్యం మాట దగ్గర శాస్త్రం ఏమందో చెప్పడం అవసరం. లండన్‌లో స్టీవెన్ గ్రీర్ బృందం 1979లో, పోరాట పటిమ ఉన్న రొమ్ము క్యాన్సర్ రోగులు ఎక్కువ కాలం బతికారని ఒక చిన్న అధ్యయనంలో రాసింది. ఆ మాట లోకమంతా పాకింది. మ్యాగీ వాట్సన్ 578 మంది స్త్రీలను పరిశీలించి 1999లో ప్రకటించిన అధ్యయనంలో పోరాట పటిమ ఆయుష్షును పెంచినట్టు తేలలేదు. తీవ్రమైన నిస్సహాయత, కుంగుబాటు ఉన్నవారి పరిస్థితి మాత్రం కొంత అధ్వానంగా ఉంది. అంటే కుంగుబాటుకు వైద్యం చేయాలి, అంతేగాని ఏడ్చిన మనిషిని పిరికివాడనకూడదు. జబ్బు తిరగబెడితే ‘నేను గట్టిగా ఉండలేకపోయాను’ అని తనను తాను నిందించుకునే రోగి చేతిలో మనమే ఆ కొరడా పెట్టాం.

డేవిడ్ స్పీగెల్ 86 మంది స్త్రీలతో చేసి 1989లో ప్రకటించిన అధ్యయనం, బృంద చర్చల్లో పాల్గొన్నవారు ఎక్కువ కాలం జీవించారని చెప్పింది. కెనడాలో 235 మందితో చేసి 2001లో ప్రకటించిన దానిలో ఆయుష్షు పెరగలేదు, కానీ దిగులు, నొప్పి తగ్గాయి. నా దృష్టిలో ఆ రెండో ఫలితమే చాలు. బతికిన రోజులు నొప్పి తక్కువగా, రాత్రులు కాస్త నెమ్మదిగా గడవడానికి వేరే సమర్థన అక్కర్లేదు.

ఈ వైద్యం ఎలా మొదలైంది

న్యూయార్క్‌లోని మెమోరియల్ ఆసుపత్రిలో ఆర్థర్ సదర్లాండ్ బృందం 1950లలో, పేగు, రొమ్ము ఆపరేషన్లు అయినవారు ఇంటికెళ్లాక ఎలా బతుకుతున్నారో అడిగి రాసింది. సర్జరీ విజయవంతమైనవారు సంచి భయంతో గడప దాటడం లేదని అప్పుడు బయటపడింది. అదే కాలంలో, 1952లో, రొమ్ము తీయించుకున్న టెరీస్ లాసర్ అనే అమెరికన్ మహిళ తనలాంటి రోగుల మంచాల దగ్గరికి స్వయంగా వెళ్లడం మొదలుపెట్టింది. చెయ్యి ఎలా పైకెత్తాలో, బ్లౌజు ఎలా సవరించుకోవాలో తనకు ఎవరూ చెప్పలేదని ఆమె బాధ. ఆమె ఉద్యమాన్ని 1969లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ తనలో కలుపుకుంది. ‘నాకూ ఇదే అయింది, చూడు, నడుస్తున్నాను’ అనగలిగిన మనిషి పక్కన కూర్చోవడానికి సాటి వచ్చే మందు నాకు తెలియదు.

మనోవైద్యురాలు జిమ్మీ హాలండ్ అదే మెమోరియల్ ఆసుపత్రిలో 1977లో దీన్ని పూర్తిస్థాయి విభాగంగా నిలబెట్టింది. 1984లో అంతర్జాతీయ సైకో-ఆంకాలజీ సంఘం ఏర్పడింది. ఆమె సహచరులు 1998లో పరిచయం చేసిన ‘డిస్ట్రెస్ థర్మామీటర్’ ఒక కాగితం మీద గీసిన ఉష్ణమాపకం. వారం రోజుల్లో మనసు ఎంత నలిగిందో 0 నుంచి 10 వరకు రోగి గుర్తు పెడతాడు. 4 గానీ ఆపైన గానీ ఉంటే ఎవరో కూర్చుని మాట్లాడాలి. నిద్రకు డేనియల్ బైసీ 1989లో రూపొందించిన పిట్స్‌బర్గ్ సూచీ వాడతారు. 21 మార్కులకు 5 దాటితే నిద్ర బాగాలేదని లెక్క.

నిద్ర పట్టించే చికిత్స

తెలుగులో ‘నిద్ర పట్టింది’ అంటాం. పట్టేది నిద్ర, పట్టుబడేది మనిషి. ఇవాళ ఎలాగైనా నిద్రపోవాలని పంతం పట్టి పడుకున్నవాడి దగ్గరికి అది రాదు. నిద్రలేమికి నేడు మొదటి వరస చికిత్సగా ఒప్పుకున్న కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ ఈ సంగతి మీదే నిలబడింది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం 2016లో మాత్రల కన్నా ముందు దీన్నే ఇవ్వాలని చెప్పింది. క్యాన్సర్ రోగుల్లోనూ ఇది పనిచేస్తుందని సవార్ వంటివారు చూపించారు.

ఆర్థర్ స్పీల్మన్ ఇచ్చిన వివరణ సులువైనది. కొందరికి స్వభావం వల్లే నిద్ర పలచన. ఆపరేషన్ దాన్ని చెడగొడుతుంది. ఆ తరువాత మనం చేసే సర్దుబాట్లు దాన్ని చెడిపోయినట్టే ఉంచుతాయి. మన ఇళ్లలో ఆ సర్దుబాట్లు ప్రేమ రూపంలో వస్తాయి. ‘లేవకమ్మా, పడుకో’ అని పగలంతా మంచం మీదే ఉంచుతారు. అన్నం అక్కడే, టీవీ అక్కడే, చుట్టాలు అక్కడే. పగలు మూడు కునుకులు తీసిన మనిషికి రాత్రి పదింటికి నిద్ర ఎలా వస్తుంది? రిచర్డ్ బూట్జిన్ 1972లో చెప్పిన సూత్రం, మంచం నిద్రకే ఉండాలని. ఒకే గది ఇంట్లో కూడా పగలు వసారాలో కుర్చీ వేసి, ఉదయపు ఎండలో కాసేపు కూర్చోబెట్టవచ్చు. లేచే వేళ రోజూ ఒకటే ఉండాలి. అరగంట దొర్లినా నిద్ర రాకపోతే లేచి కూర్చుని, కునుకు వచ్చినప్పుడే పడుకోవాలి. మంచం మీద గడిపే గంటలను నిజంగా నిద్రపోయే గంటలకు కుదించి మెల్లగా పెంచే పద్ధతీ ఉంది. అది గాయం పచ్చిగా ఉన్న రోజుల్లో చేయకూడదు, శిక్షణ ఉన్నవారి పర్యవేక్షణలోనే చేయాలి.

శ్వాస, ధ్యాన సాధనల విషయంలో ఆధారాలు బాగున్నాయి. అమెరికాలో కరెన్ ముస్టియన్ బృందం 410 మంది క్యాన్సర్ చికిత్స పూర్తయినవారితో చేసి 2013లో ప్రకటించిన అధ్యయనంలో తేలికపాటి యోగా నిద్రను మెరుగుపరిచింది. బెంగళూరులో రొమ్ము శస్త్రచికిత్స రోగులతో చేసిన ఒక చిన్న అధ్యయనంలో యోగా నేర్చినవారు ముందుగా ఇంటికి వెళ్లారు, డ్రెయిన్ కూడా ముందే తీశారు. నిద్రమాత్రలు కొన్ని రాత్రులకు అక్కరకొస్తాయి. వృద్ధుల్లో మాత్రం తూలి పడటం, అయోమయం తెచ్చిపెడతాయి. మందుల షాపులో అడిగి కొనుక్కోకూడదు.

అసలు ఆసరా ఆపరేషన్‌కు ముందే మొదలవ్వాలి. 1964లో బోస్టన్‌లో లారెన్స్ ఎగ్బర్ట్ అనే మత్తు డాక్టరు, పొట్ట ఆపరేషన్‌కు ముందు రాత్రి రోగుల దగ్గర కూర్చుని ఎక్కడ నొప్పి వస్తుందో, ఎలా పక్కకు తిరగాలో చెప్పాడు. అధ్యయనంలోని 97 మందిలో ఈ మాటలు విన్నవారికి నొప్పి మందు దాదాపు సగం సరిపోయింది.

ఎవరు చేయాలి

క్యాన్సర్ రోగుల్లో సుమారు ఆరుగురిలో ఒకరికి వైద్యం అవసరమైన డిప్రెషన్ ఉంటుందని పెద్ద సమీక్షలు చెబుతున్నాయి. అందరికీ మనోవైద్యులు దొరకరు. స్కాట్లాండ్‌లో 500 మందితో చేసి 2014లో ప్రకటించిన అధ్యయనంలో, మనోవైద్యుల పర్యవేక్షణలో శిక్షణ పొందిన క్యాన్సర్ నర్సులు చూసినవారిలో 62 శాతం మందికి డిప్రెషన్ కనీసం సగానికి తగ్గింది. మామూలు వైద్యంలో అది 17 శాతమే. తెలుగు రాష్ట్రాలకు దారి ఇదేననిపిస్తుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల ఎందరో పేదలు ఆపరేషన్ బల్ల దాకా రాగలిగారు. హైదరాబాద్ ఎంఎన్‌జే, బసవతారకం, విశాఖ హోమీభాభా వంటి చోట్లకు పల్లెల నుంచి వచ్చేవారు డిశ్చార్జ్ అయ్యాక వంద కిలోమీటర్ల దూరంలో, ఒక్కరే మేలుకుని ఉంటారు. 2022 నుంచి కేంద్రం నడుపుతున్న టెలీ-మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు. డిశ్చార్జ్ కాగితం మీద కుట్లు విప్పే తేదీ పక్కన ఆ అంకెలు రాసివ్వాలి. రెండు వారాలు దాటినా నిద్ర కుదరకపోయినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా, చావే మేలనిపించినా వెంటనే చెప్పమని రోగికీ, ఇంటివాళ్లకూ నోటితో చెప్పి పంపాలి.

మంచం కింద చాప మీద పడుకునే మనిషి గురించీ రాయాలి. భార్యో, కూతురో, తమ్ముడో. దగ్గు వినపడితే లేస్తారు, సెలైన్ అయిపోతే సిస్టర్ని పిలుస్తారు, పొద్దున్నే టిఫిన్‌కు పరుగెత్తుతారు. వాళ్ల నిద్ర ఏ సూచీలోనూ లేదు. ఇద్దరు బంధువులు రాత్రులు వంతులు వేసుకుంటే, ఆసుపత్రి ఒక చిన్న గదిలో నాలుగు మంచాలు వేస్తే, ఆ మనిషి కూడా ఆరు గంటలు కళ్లు మూసుకోగలుగుతాడు. మర్నాడు గొట్టంలో అన్నం పోసేది, డ్రెస్సింగ్‌కు నడిపించేది ఆ చేతులే.